ఎండిన గంగ, ఎదురుచూపు: ‘కల్కి 2898 ఏడీ’కి తెలుగు ప్రేక్షకుల స్పందన, మెదక్ కోణం

2024 జూన్ 27న విడుదలైన ‘కల్కి 2898 ఏడీ’ చూపించే లోకంలో ఊరట కలిగించేది దాదాపు ఏమీ లేదు. భూమ్మీద మిగిలిన చివరి నగరం కాశీ. గంగ ఎండిపోయింది. జనం గుక్కెడు నీళ్లకీ గుప్పెడు తిండికీ కొట్టుకుంటుంటారు. ఆ నగరం నెత్తిన తలకిందులు చేసిన పిరమిడ్ ఆకారంలో ‘కాంప్లెక్స్’ వేలాడుతుంటుంది. నీళ్లూ పచ్చదనమూ సముద్రతీరమూ అన్నీ అందులోనే ఉన్నాయి. లోపలికి పోవాలంటే పది లక్షల యూనిట్లు కూడబెట్టాలి. గర్భం దాల్చగల ఆడవాళ్లను మాత్రం పట్టుకుపోయి, వాళ్ల గర్భాల నుంచి సారం పిండి, సుప్రీం యాస్కిన్ అనే జీవచ్ఛవం ఆయుష్షు పెంచడానికి వాడతారు. ‘ఏడుపు సినిమా ఆడదు’ అని ఫిల్మ్ నగర్‌లో చెప్పుకునే మాటనే కొలబద్దగా తీసుకుంటే మొదటి వారంలోనే తేలిపోవలసిన కథ ఇది. (ఆ మాట ‘దేవదాసు’ నాడే అబద్ధమైంది, అది వేరే సంగతి.) వసూళ్లు వెయ్యి కోట్లు దాటాయని నిర్మాణ సంస్థ ప్రకటించింది. ఆ అంకె సంగతి ఎలా ఉన్నా, జనం చూశారన్నది నిజం. ఇంత చీకటిని వాళ్లు ఎలా భరించారు, అందులో ఆశను ఎక్కడ పట్టుకున్నారు? రేపు బాగుంటుందన్న ఊహలో కాదు, ముందే ఎరిగిన ముఖాన్ని గుర్తుపట్టడంలో తెలుగు ప్రేక్షకులకు ఆశ దొరికిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అలా దొరికిన ఆశకు ఒక మూల్యం కూడా ఉంది. అది మెదక్ లాంటి పట్టణం నుంచి చూసినప్పుడు ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.

ఇక్కడ ఆధారం సర్వే లెక్కలు కాదు. విడుదలైన రోజుల్లో పత్రికల సమీక్షల్లో, టీవీ చర్చల్లో, హాలు బయట మాటల్లో పదేపదే వినిపించిన ధోరణులే. అందులో అందరూ ఒప్పుకున్న ఫిర్యాదు ప్రథమార్ధం సాగదీత. భైరవ అనే బౌంటీ వేటగాడి చిల్లర పోరాటాలు, బుజ్జి అనే మాట్లాడే బండితో కబుర్లు, అతిథి పాత్రలు చాలామందికి ఆనలేదు. అందరూ మెచ్చుకున్నవి మొదట్లో వచ్చే కురుక్షేత్రం, అశ్వత్థామగా అమితాబ్ బచ్చన్, చివరి అరగంట. ఈ ఫిర్యాదును కాస్త దగ్గరగా చూడాలి. ప్రథమార్ధం ‘మరీ నిరాశగా ఉంది’ అన్నవాళ్లు తక్కువ, ‘కథలోకి రావడానికి ఆలస్యమైంది’ అన్నవాళ్లు ఎక్కువ. అంటే అభ్యంతరం చీకటి మీద కాదు. ఎండిన కాశీని ప్రేక్షకుడు మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు. ఆ కాశీకి తనకు తెలిసిన కథతో ముడి ఎప్పుడు పడుతుందా అని మాత్రమే విసుగుపడ్డాడు. సినిమా వచ్చిన కొన్ని వారాల పాటు ఊరూరా నడిచిన వాదన కూడా 2898లో లోకం ఏమవుతుందన్నది కాదు, కర్ణుడు గొప్పా అర్జునుడు గొప్పా అన్నది. భవిష్యత్తు గురించి తీసిన సినిమా తర్వాత జనం గతం గురించి పోట్లాడుకోవడం పొరపాటున జరిగింది కాదు.

నిజానికి పేరులోని 2898 అన్న అంకెలోనే గతం ఉంది. సంప్రదాయ గణనలో కలియుగం క్రీస్తుపూర్వం 3102లో మొదలైంది. దానికి 2898 కలిపితే ఆరు వేలు. కురుక్షేత్రం నుంచి ఆరు వేల ఏళ్లు లెక్కకట్టే ఆ పేరు పెట్టామని దర్శకుడు నాగ్ అశ్విన్ సినిమాకు ముందే చెప్పారు. ఇది మన భాషలో కొత్త పద్ధతి కాదు. ‘డిస్టోపియా’ అన్న మాట మనకు ఈమధ్యే వచ్చినా, చెడిపోయిన రేపటిని వర్ణించి చివర ఒక రాకను వాగ్దానం చేసే కథనం మనకు కాలజ్ఞానం పేరుతో ఎప్పటినుంచో ఉంది. పోతులూరి వీరబ్రహ్మం పేరిట చెలామణీ అయ్యే ఆ తత్త్వాల్లో ఉత్పాతాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి, చివరికి వీరభోగ వసంతరాయలుగా ఆయన మళ్లీ వస్తాడు. 1984లో ఎన్టీ రామారావు దాన్ని తెరకెక్కించారు. ఈనాటికీ ఏదైనా వింత జరిగితే ‘బ్రహ్మంగారు చెప్పినట్టే అయింది’ అంటాం. ఆ వాక్యంలో భయం ఉంది, దానికి మించిన నిబ్బరం కూడా ఉంది. లోకం పాడైపోతోందన్నది వార్త కాదు, ముందే తెలిసిన సంగతి. కాబట్టి దాని చివర వచ్చేదీ తెలిసినదే. పాశ్చాత్య డిస్టోపియా ‘ఇలాగే పోతే ఇలా అవుతారు’ అని హెచ్చరిస్తుంది. మన కాలజ్ఞాన ధోరణి ‘ఇది కావలసిందే, తర్వాతది కూడా కావలసిందే’ అంటుంది.

ఈ తేడా తెలియాలంటే అల్ఫోన్సో క్వారోన్ 2006లో తీసిన ‘చిల్డ్రన్ ఆఫ్ మెన్’ పక్కన పెట్టి చూడాలి. అక్కడా లోకమంతా గొడ్డుపోయింది, అక్కడా ఒక ఆడమనిషి గర్భవతి, ఆమెను దాటించడమే కథ. కాల్పుల మధ్య బిడ్డ ఏడుపు వినిపించగానే సైనికులు తుపాకులు దించే ఘట్టంలో ఆ సినిమా ప్రాణం ఉంది. ఆ పాప ఎవరో, ఏమవుతుందో ఎవరికీ తెలియదు. తెలియకపోవడమే అక్కడి ఆశ. ఆ సినిమా హాళ్లలో పెట్టుబడి కూడా తిరిగి రాబట్టుకోలేదు, మెప్పు పెరిగింది తర్వాతి ఏళ్లలోనే. ‘కల్కి’లోని గర్భవతి సుమతి కడుపులో ఉన్నదెవరో టికెట్ కొనకముందే ప్రేక్షకుడికి తెలుసు, పేరు పోస్టరు మీదే ఉంది. ఇక బిడ్డ పుట్టుక ఏ ఉత్కంఠా ఇవ్వలేదు. ఉత్కంఠ అంతా ఆ బిడ్డను కాపాడేవాళ్లు ఎవరన్న దాని మీదికి మళ్లింది. అందుకే హాలు హోరెత్తింది సుమతి నిప్పుల్లోంచి నడిచి వచ్చినప్పటికన్నా, అశ్వత్థామ చేతికర్ర భైరవ చేతిలో కర్ణుడి విల్లుగా మారినప్పుడు. అప్పటిదాకా స్వార్థపరుడిగా, దాదాపు విదూషకుడిగా ఉన్నవాడు ఒక్క క్షణంలో మనకు తెలిసినవాడైపోయాడు. ఆ ఒక్క క్షణం కోసం ప్రథమార్ధం సాగదీతను ప్రేక్షకుడు క్షమించాడు. ప్రతినాయకుడి విషయంలోనూ సినిమా ఇదే తాళంచెవి వాడింది. బక్కచిక్కిన యాస్కిన్ చివర్లో కొత్త ఒళ్లు తెచ్చుకుని చేతికెత్తుకున్నది గాండీవం. అదేమిటో ఎవరూ విప్పి చెప్పనక్కర్లేకపోయింది.

ఈ గుర్తింపు పురాణ పఠనం వల్ల మాత్రమే వచ్చింది కాదు, సినిమాలు పెంచినది. కర్ణుడి పట్ల తెలుగువాడి మమకారంలో వ్యాసభారతానిది కొంతే, 1977 నాటి ‘దానవీరశూరకర్ణ’ది చాలా. ఎన్టీ రామారావు కర్ణుడూ దుర్యోధనుడూ కృష్ణుడూ తానే అయి, ఓడిన పక్షానికి గౌరవం తెచ్చిన సినిమా అది. ‘కల్కి’లో కృష్ణుడి ముఖం చీకట్లోనే ఉంచారు. దర్శకుడి ఉద్దేశం ఏదైనా, దాని ఫలితం ఒకటుంది: ఖాళీగా వదిలిన ఆ ముఖంలో ఎవరికి వారు తమకు అలవాటైన కృష్ణుణ్ని నింపుకున్నారు. సింగీతం శ్రీనివాసరావు తీసిన ‘ఆదిత్య 369’ (1991) కూడా ఈ వాదనకే సాక్ష్యం. ఆ సినిమా టైమ్ మెషీన్‌లో మనల్ని వెనక్కి 1526కీ, ముందుకు 2504కీ తీసుకెళ్లింది. రెండో మజిలీ అణుయుద్ధం తర్వాతి లోకం, తెలుగు తెర మీద వచ్చిన తొలి డిస్టోపియాల్లో ఒకటి. అయినా ఆ సినిమా అనగానే జనానికి గుర్తొచ్చేది రాయలవారి కొలువే. ఆ సింగీతమే ‘కల్కి’కి మార్గదర్శిగా ఉంటారని 2020లో ప్రకటించారు. ముప్పై మూడేళ్ల తర్వాత వచ్చిన సినిమా రెండు మజిలీలనూ విడివిడిగా ఉంచకుండా ఒకదాని మీద ఒకటి పరిచింది. ఆ ఒక్క మార్పుతో భవిష్యత్తు జనానికి పట్టుబడింది.

దీనికి ఎదురయ్యే మొదటి అభ్యంతరం: ఇదంతా ఎందుకు, భైరవగా ప్రభాస్ ఉన్నాడు కాబట్టి చూశారు. ఈ మాట నిలవదు. 2022లో ‘రాధేశ్యామ్’లోనూ ప్రభాసే ఉన్నాడు, జనం నిలబడలేదు. పోనీ పురాణం ఉంది కాబట్టి చూశారందామా? 2023లో ‘ఆదిపురుష్’లో ప్రభాసూ ఉన్నాడు, రామాయణమూ ఉంది. తొలి రోజుల రద్దీ తర్వాత అది వెక్కిరింతల పాలైంది. అక్కడ తప్పిందేమిటంటే సరిగ్గా ఈ గుర్తింపే. రావణుడి జుట్టు, లంక రంగు, హనుమంతుడి మాట తీరు, ఏదీ ‘లవకుశ’ (1963), బాపు ‘సంపూర్ణ రామాయణం’ (1971) చూసి పెరిగిన కళ్లకు తెలిసినట్టు లేదు. తెలిసిన కథను తెలియని ముఖంతో చూపితే కోపం వచ్చింది. తెలియని లోకంలో తెలిసిన ముఖం కనిపిస్తే చప్పట్లు పడ్డాయి. తారాబలం హాలు దాకా తీసుకొస్తుంది, కూర్చోబెట్టేది మరొకటి.

రెండో అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. ప్రేక్షకుడు గతాన్నే చూశాడనడం అతన్ని తక్కువ చేయడం కాదా, నీళ్లు లేని కాశీలో అతనికి తన ఊరు కనిపించి ఉండదా? కనిపించడానికి కావలసినవన్నీ ఉన్నాయి, మెదక్‌లో మరీ ఉన్నాయి. పట్టణానికి దగ్గరలో మంజీర ఏడుపాయల దగ్గర ఏడు పాయలుగా చీలుతుంది. వరద వస్తే వనదుర్గమ్మ గుడి ముందు నీళ్లు పోటెత్తుతాయి, కాలం కాకపోతే రాళ్లూ ఇసుకా తేలుతాయి. దానికి ఎగువన 1905లో నిజాం ప్రభుత్వం కట్టిన ఘనపురం ఆనకట్ట ఉంది. ఫతేనహర్, మహబూబ్‌నహర్ అనే రెండు కాలువలు దాని నుంచి పొలాలకు పోతాయి. ఇంకా పైన ఉన్న సింగూరు నుంచి నీళ్లు వదిలితేనే ఆ ఆయకట్టుకు దమ్ము. ఆ సింగూరూ, అంతకుముందు నుంచే మంజీర బరాజూ హైదరాబాదు గొంతు తడుపుతున్నాయి. నగరం తాగిన తర్వాత పొలానికి ఎంత అన్నది ఇక్కడ ప్రతి ఎండాకాలపు ప్రశ్న. ఉమ్మడి జిల్లాలోనే ఉన్న పటాన్‌చెరు ఫ్యాక్టరీల వ్యర్థాలు నక్కవాగులో కలిసి మంజీర దాకా చేరిన చరిత్ర దీనికి తోడు. కింద ఎండిన ఊరు, పైన నీళ్లన్నీ దాచుకున్న నగరం: కాంప్లెక్స్ బొమ్మకు ఇంతకన్నా దగ్గరి పోలిక మన నేల మీద దొరకదు. అయినా వాదన కర్ణార్జునుల మీదికే పోయింది. తప్పు ప్రేక్షకుడిది కాదు. గంగ ఎందుకు ఎండిందో, కాంప్లెక్స్ నీళ్లు ఎవరివో సినిమా ఒకసారి చూపించి వదిలేసింది. కాశీ జనానికి ఒక పేరు, ఒక పని, ఒక తెగువ ఇవ్వలేదు. తిరగబడేవాళ్లంతా శంబల అనే వేరే చోట ఉన్నారు, వాళ్ల పనీ ఒక తల్లి రాక కోసం కాచుకోవడమే. విడుదలైన కొత్తలో టికెట్ ధర పెంచుకోడానికి ప్రభుత్వం అనుమతిచ్చింది కూడా. యూనిట్లు చాలక గేటు బయట నిలబడ్డవాళ్ల కథను చూడటానికి ఎక్కువ యూనిట్లు చెల్లించామన్నమాట.

గుర్తుపట్టే ఆశకు మూల్యం ఇదే. తెలిసినవాడు వస్తాడన్న నిబ్బరం చీకటిని భరించే శక్తినిస్తుంది, చీకటిని ఎవరు చేశారని అడిగే పనిని వాయిదా వేస్తుంది. ఇలా కాక ఆశ మరో రూపంలో ఉండదా అంటే, మెదక్ నడిబొడ్డునే సమాధానం ఉంది. మెదక్ చర్చి కట్టడం 1914లో మొదలై, 1924 డిసెంబరు 25న ప్రారంభోత్సవం జరిగింది. మొదటి ప్రపంచయుద్ధమూ కరువూ కలిసి వచ్చిన కాలం అది. ఆకలితో వచ్చినవాళ్లకు ఊరికే తిండి పెట్టక, పని చూపించి తిండి పెట్టాలని చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర ఈ కట్టడం తలపెట్టాడని చెబుతారు. చర్చి లోపల నిలబడి ఆ రంగుటద్దాల కిటికీలు చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. బయట నుంచి అవి నల్లటి గాజుపలకలు. పొద్దుండగా లోపల నుంచి చూస్తేనే రంగులూ బొమ్మలూ. పొద్దు గుంకితే మళ్లీ నలుపే. వాటిలో ఉన్నదీ ఒక పుట్టుక కథే, ఒక రాక కథే. అక్కడా నమ్మకం తెలిసిన కథ మీదే నిలిచింది. కానీ ఆ కిటికీ నిలవడానికి గోడ కావాలి, గోడకు రాయి మోసినవాళ్లు కావాలి. ఎదురుచూపునూ కూలినీ ఒకే కట్టడంలో కలిపిన కాలం అది. వాళ్లకు ఆ రోజు తిండి దొరికింది, ఊరికి నూట డెబ్బై అడుగులకు పైగా శిఖరం మిగిలింది. దీన్ని మిషనరీల ఘనతగా మాత్రమే చూడటం, లేదా దయ పేరుతో చవగ్గా కూలి చేయించుకున్నారని మాత్రమే చూడటం, రెండూ సగం చూపులే. ఈ వ్యాసానికి కావలసింది ఒక్కటే: కరువులో ఉన్న మనుషులను కథ మధ్యలో, చేతుల్లో పనితో నిలబెట్టవచ్చు. ‘కల్కి’ కాశీ వాళ్లకు ఆ చోటు ఇవ్వలేదు.

ఒక సినిమా అన్నీ చేయాలా అని అడగవచ్చు. చేయనక్కర్లేదు. రెండో భాగంలో చేస్తారేమో కూడా. ఆ భాగంలో సుమతిగా దీపికా పదుకొణె ఉండరని 2025 సెప్టెంబరులో నిర్మాణ సంస్థ ప్రకటించింది. తల్లి ముఖం మారినా కథ ఆగదన్న ధీమా అందులో కనిపిస్తుంది. గుర్తుపట్టవలసిన ముఖం ఆమెది కాదన్న ఈ వ్యాసం వాదనకు అది అనుకోని బలం. ఇకముందు ఈ విషయం మీద పనిచేసేవాళ్లు హైదరాబాదు మల్టీప్లెక్సుల ముందు మైకులతోనే ఆగకుండా, ఘనపురం కాలువ చివరి భూముల రైతులను, పటాన్‌చెరు షిఫ్టు దిగిన కూలీలను కూడా కలవాలి. కర్ణుడి గురించి అడిగిన తర్వాత కాంప్లెక్స్ నీళ్ల గురించి కూడా అడగాలి. జవాబులకు తొందరేమీ లేదు. మొదటి భాగం అయిపోయేసరికి కల్కి ఇంకా పుట్టనే లేదు.