మెకంజీ సంచయ సూచికలు: వాని యేకీకరణము

ఆంధ్రదేశ చరిత్రమునకు గ్రామ కైఫీయతులు ముఖ్యాధారములని పండితు లెఱుంగుదురు. వానిని సేకరింపించిన కర్నల్ కాలిన్ మెకంజీ 1815లో హిందూదేశమునకు ప్రథమ సర్వేయరు జనరలుగా నియుక్తుడై, 1821లో మరణించెను. ఈ కార్యమున నాతనికి మొదట కావలి వెంకట బొఱ్ఱయ్యయు, 1803లో నాతడు గతించిన పిదప నాతని సోదరుడు లక్ష్మయ్యయు ప్రధాన సహాయులైరి. మెకంజీ యనంతరము సంచయము చీలి, కొంత లండనునకును కొంత మద్రాసునకును చేరెను.

సూచికలును నట్లే చీలినవి. హెచ్. హెచ్. విల్సను 1828లో కలకత్తాలో వివరణపట్టికను ప్రకటించెను. ఆతనికి దక్షిణదేశ భాషలు రానందున దేశీయ సహాయకుల సంగ్రహములే యందుల కాధారములయ్యెను. పిదప విలియం టెయిలరు 1857 మొదలు 1862 వఱకు మద్రాసులో మూడు సంపుటముల పట్టికను వెలువరించెను. ఒక్క గ్రంథమునకే యొక్కొక్క పట్టికలో నొక్కొక్క సంఖ్య యేర్పడెను.

ఇంతకంటె గొప్ప చిక్కు వేఱొకటి కలదు. కైఫీయతులు శిథిలమగుచుండుట గాంచి సి. పి. బ్రౌను వానికి ప్రతులు వ్రాయించెను. ఈ మహోపకారము వలననే పెక్కు కైఫీయతులు మనకు దక్కినవి. కాని మూలమును ప్రతియు వేర్వేఱు సంఖ్యలతో నున్నచో, చరిత్రకారుడు వానిని రెండు సాక్ష్యములుగా భ్రమించును. ఒక్క సాక్షి రెండుమాఱులు పలికినంత మాత్రమున నిద్దఱు సాక్షులు గారు గదా!

చెదరిన పట్టికల నొక్కచోట గూర్చుట క్రొత్త యూహ కాదు. జర్మను పండితుడు థియొడోర్ ఔఫ్రెక్టు 1891, 1896, 1903 సంవత్సరములలో మూడు భాగములుగా సంస్కృత గ్రంథములకు సూచికాసూచిని ముద్రించెను. దానిని విస్తరింప మద్రాసు విశ్వవిద్యాలయము 1935లో బూనుకొనగా, ప్రథమ సంపుటము 1949లో వెలువడెను. నేడు కంప్యూటరు సాధనముగా గ్రంథాలయములు కలసి యిట్టి పని చేయ వీలున్నది.

అయినను సంజ్ఞ లేర్పడనిదే విధి ప్రవర్తింపదు. ప్రతి గ్రంథమునకును స్థిరమైన యొక సంఖ్య యుండవలెను. విల్సను, టెయిలరు లిచ్చిన పాతసంఖ్యలను దాని ప్రక్క నిలుపవలెను. ఓరుగల్లు, ఏకశిలానగరము, వరంగల్లు అను పేళ్లలో దేనిని వెదకినను నొక్కచోటికే దారి చూపవలెను. ఇది మూలమో ప్రతియో, ప్రతియైనచో దేనికి ప్రతియో తెలుపవలెను.

యంత్రము పేళ్లను వెదకును, పట్టికలను గూర్చును. లేఖకుని స్ఖాలిత్యములను బట్టి మూల మేదో, ప్రతి యేదో నిర్ణయించుట పండితుల పని. వారి తోడ్పాటు లేనిచో పాతతప్పులే క్రొత్తపట్టికలో శీఘ్రముగ వ్యాపించును. కావున గ్రంథాలయాధికారులును భాషావేత్తలును కలసి యీ కార్యమును సాగింపవలెనని మా మనవి.