వైట్‌చాపెల్ హత్యలు: చరిత్రయు, కట్టుకథయు

1888వ సంవత్సరము ఆగస్టు 31వ తేదీ తెల్లవారుజామున లండన్ తూర్పుభాగమునందలి వైట్‌చాపెల్ పేటలో మేరీ ఆన్ నికోల్స్ అను స్త్రీ గొంతు కోయబడి వీథిలో పడియుండెను. సెప్టెంబరు 8న ఆనీ చాప్‌మన్, 30న ఒకే రాత్రి ఎలిజబెత్ స్ట్రైడ్, కేథరిన్ ఎడోస్, నవంబరు 9న మేరీ జేన్ కెల్లీ హతులైరి. ఈ యైదు హత్యలును ఒక్కని పనియే యని పెక్కురు పరిశోధకుల యభిప్రాయము. ఆ యొక్కడెవరో నేటికిని తేలలేదు.

లోకప్రసిద్ధమైన 'జాక్ ది రిప్పర్' అను పేరు సైతము నమ్మదగినది కాదు. అది సెప్టెంబరు 27న సెంట్రల్ న్యూస్ అను వార్తాసంస్థకు చేరిన యొక లేఖక్రింద నున్న సంతకము. ఆ లేఖ పత్రికారచయిత యొకడు కల్పించినదని పోలీసు అధికారులే కొందరు తలంచిరి. పత్రికలపై స్టాంపు సుంకము 1855లో తొలగెను. 1870 నాటి విద్యాచట్టము చదువరులను పెంచెను. అరపెన్నీ పత్రికలు పోటీపడుచున్న యా కాలమున పేరులేని హంతకునికంటె పేరున్న హంతకుడే వారికి లాభకరుడు.

వదంతులకు బలియైనవారును కలరు. జాన్ పైజర్ అను యూదు చర్మకారుని పోలీసులు నిర్బంధించి, నిర్దోషి యని తెలిసి విడిచిరి. గోల్‌స్టన్ వీథి గోడపై యూదులను గూర్చిన వ్రాత కనబడగా, అల్లరులు చెలరేగునను భయమున పోలీసు కమిషనరు సర్ చార్లెస్ వారెన్ దానిని తుడిపించెను. నేరపరిశోధనకు నాడు సాధనములు స్వల్పము. వ్రేలిముద్రల కార్యాలయము 1897లో కలకత్తాలో నేర్పడెను; అజీజుల్ హక్, హేమచంద్ర బోసుల కృషితో నచట రూపొందిన పద్ధతి 1901లో గాని స్కాట్లండ్ యార్డునకు చేరలేదు.

సాక్ష్యము లేనిచోట ఊహ రాజ్యమేలెను. 1894లో మెల్విల్ మెక్‌నాటన్ అను పోలీసు అధికారి తన నివేదికలో డ్రూయిట్, కోస్మిన్‌స్కీ, ఆస్ట్రాగ్ అను మువ్వురిని పేర్కొనెను. వీరిలో ఆస్ట్రాగ్ ఆ దినములలో ఫ్రాన్సు చెరసాలలో నుండెనని పిమ్మట తేలెను. 1970 ప్రాంతమున విక్టోరియా రాణి మనుమడగు ఆల్బర్ట్ విక్టరుపై నింద ప్రచారమయ్యెను. జంట హత్యల నాడు అతడు స్కాట్లండులో నుండెనని రికార్డులు చెప్పుచున్నవి. 2002లో నవలారచయిత్రి పట్రీషియా కార్న్‌వెల్ చిత్రకారుడగు వాల్టర్ సికర్టును దోషిగా చూపెను. తొలితరము పరదేశిని, పేదను శంకించెను. మలితరము రాజకుటుంబమును, కళాకారుని శంకించెను. ఏ తరము దేనికి వెఱచునో, దేనిని ద్వేషించునో యా తరపు సిద్ధాంతమే చెప్పును.

ఇన్ని గ్రంథముల నడుమ మఱుగుపడినవారు హతులే. నికోల్స్ ఆ రాత్రి బసయింటి పడకకు నాలుగు పెన్నీలు లేక వెలికి పంపబడెను. చాప్‌మన్‌కును పడక సొమ్ము లేకపోయెను. సంస్కర్తలు సాధింపలేని దానిని హంతకుడు సాధించి, ధనికుల దృష్టిని పేదలవైపు త్రిప్పెనని బెర్నార్డ్ షా ఆ సెప్టెంబరులోనే స్టార్ పత్రికకు వ్యంగ్యముగా వ్రాసెను. ఈ యైదుగురి జీవితములే ప్రధానముగా హాలీ రూబెన్‌హోల్డ్ రచించిన గ్రంథము 2019లో గాని వెలువడలేదు.

హంతకుడెవడను ప్రశ్నకు సమాధానము దొరకకపోవచ్చును. నాలుగు పెన్నీలు లేని స్త్రీ యా రాత్రి వీథిలో నేల నుండవలసివచ్చెనను ప్రశ్నకు మాత్రము చరిత్రలో సమాధానము కలదు. చరిత్రకారుడు మొదట నడుగవలసినది దానినే.