రంగం వెళ్లొచ్చిన మా తాతయ్య

కోరంగి అనగానే ఇప్పటివాళ్లకు మడ అడవులు, చెక్క వంతెన, బోటు షికారు గుర్తొస్తాయి. చరిత్ర చదివినవాళ్లు ఇంకాస్త వెనక్కి వెళ్లి, ఇక్కడ ఓడలు కట్టేవారనీ, 1789లో ఒకసారి, 1839లో మరోసారి ఉప్పెన ముంచేసిందనీ చెబుతారు. రేవు మేట వేసి వ్యాపారం కాకినాడకు తరలిపోవడంతో ఊరి కథ అయిపోయినట్టే రాస్తారు. నేను దానికి ఒప్పుకోను. రేవు పోయాక కూడా ఈ తీరం మనుషులు తరాల తరబడి సముద్రం దాటుతూనే ఉన్నారు. మా తాతయ్య వాళ్లలో ఒకరు.

పదహారేళ్లప్పుడు రంగం వెళ్లారాయన. రంగూన్‌ని మావైపు అలాగే అనేవారు. చెబితే పంపదని వాళ్లమ్మకు చెప్పనేలేదు. కాకినాడ దగ్గర సముద్రం లోతు తక్కువ. స్టీమర్లు ఒడ్డుకు రాలేక మైళ్ల దూరంలో లంగరేసేవి. పడవలో అక్కడిదాకా వెళ్లి, అలల మీద ఊగుతూనే నిచ్చెన అందుకుని ఎక్కాలి. టికెట్టు డెక్కుకే కాబట్టి తిండీ నిద్రా అన్నీ ఆ డెక్కు మీదే. ఆ తెగువ తలుచుకుని మేమంతా మురిసిపోయేవాళ్లం. కానీ కూలీలను కుదిర్చి పంపే మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుతో ఇంటి అప్పు కొంత తీరిందన్న సంగతి కూడా ఈ కథలో భాగమే.

అప్పట్లో రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే. రేవులో బస్తాలు మోసేది, బియ్యం మిల్లుల్లో చెమటోడ్చేది ఎక్కువగా మనవాళ్లు. బర్మావాళ్లు తెలుగువాళ్లందరినీ మా ఊరి పేరు మీద కోరంగీలనే పిలిచేవారు. 1930 మేలో రేవు కూలీలైన తెలుగువాళ్లు కూలి పెంచమని సమ్మె కట్టారు. వాళ్ల చోట బర్మావాళ్లను పెట్టుకుని, రాజీ కుదరగానే తీసేశారు. దాంతో అల్లర్లు చెలరేగి చాలామంది ప్రాణాలు పోయాయి. తాతయ్య బయల్దేరింది ఆ తర్వాతే, అదంతా తెలిసే.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. ఓడల్లో చోటు దొరకనివాళ్లు నడక పట్టారు. అలా కాలినడకన, పడవల్లో, దొరికిన బండిలో బర్మా నుంచి మన దేశం చేరినవాళ్లు నాలుగు లక్షలకు పైమాటే. తాతయ్య ప్రోం మీదుగా టౌంగప్ కనుమ దాటి అరకాన్ తీరానికి చేరుకున్నారు. ఆ దారిలో నీళ్లకు కటకట, పైగా కలరా. తల్లి పోయిన ఒక పిల్లాణ్ని భుజాన వేసుకుని అక్యాబ్ దాకా మోశారు. అక్కడ వాడి మేనమామ కనిపిస్తే అప్పగించి, చిట్టగాంగ్ పడవెక్కారు. ఈ సంగతి ఆయన నోట మేమెన్నడూ వినలేదు. ఆయనతో నడిచొచ్చిన మరో ఊరి పెద్దాయన చెప్పాడు. తాతయ్య చెప్పేది ఒక్కటే: "మూట పారేశాను గానీ నీళ్ల చెంబు వదల్లేదురా అబ్బాయ్."

ఇల్లు చేరిన కొద్ది వారాలకే, 1942 ఏప్రిల్ 6న, కాకినాడ మీదా బాంబులు పడ్డాయి. ఊరు ఖాళీ చేద్దామని అందరూ గాభరా పడుతుంటే, "ఇక నడవడానికి నాకు ఓపిక లేదు, ఇక్కడే ఉంటాను" అని కూర్చున్నారట.

తర్వాత చెక్క పడవలు కట్టే పనిలో చేరారు. పలకల సందుల్లో దూది కూరుతూ పిల్లలకు కథలు చెప్పేవారు. మా వీధిలో నా ఈడువాళ్లకు కోరంగి ఏట్లో ఈత నేర్పింది ఆయనే. 1964 తర్వాత బర్మా నుంచి మళ్లీ జనం తిరిగొచ్చి విశాఖపట్నంలో బర్మా క్యాంపు వెలిసినప్పుడు, పాత స్నేహితుల్ని వెతుక్కుంటూ వెళ్లారు. 1986 ఆగస్టులో గోదావరి వరద వచ్చినప్పుడు డెబ్బై దాటిన మనిషి, ఎవరు వద్దన్నా వినకుండా నావ వేసుకుని లంకల్లోకి బియ్యం పట్టుకెళ్లారు. ఆయన పోయిన రోజున ఆ లంకల నుంచి వచ్చిన జనమే ఎక్కువ.

ఓడల యజమానుల పేర్లు రికార్డుల్లో ఉన్నాయి. డెక్కు మీద వెళ్లినవాళ్ల పేర్లు ఇళ్లలోనే ఉన్నాయి, అవీ చెరిగిపోతున్నాయి. తాళ్లరేవు, యానాం, కాకినాడ చుట్టుపక్కల ఎవరి అటక మీదైనా రంగం నుంచి వచ్చిన ఉత్తరాలు, మనియార్డర్ రసీదులు, స్టీమర్ టికెట్లు ఉంటే దయచేసి చెత్తలో వేయకండి. వాటికి ఫొటోలు తీసి పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ఎవరెవరు వెళ్లారో, ఏ దారిన తిరిగొచ్చారో పేర్లతో సహా రాసి, ఒక ప్రతి మీ ఊరి గ్రంథాలయంలో ఇవ్వండి.