గుడ్‌బెర్రీ: అడవిలో ఆకలి ఎక్కడికి పోయింది?

ఈ ఎపిసోడ్ మొత్తం ఒకే ఒక్క మంత్రం గురించి. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో గుడ్‌బెర్రీ. ఇప్పటి రూల్స్‌లో ఇది ఒకటో లెవెల్ మంత్రం. డ్రూయిడ్ చేతిలోకి 10 పళ్ళు వస్తాయి. ఒక్కో పండుకి ఒక హిట్ పాయింట్, పైగా ఒక్కటి తింటే ఆ రోజుకి కడుపు నిండినట్టే. చూడ్డానికి అమాయకంగా ఉంది కదా? కానీ మీరు పార్టీని ఎడారి దాటించాలనో, అడవిలో దారి తప్పించాలనో కథ అల్లుకున్న డంజన్ మాస్టర్ అయితే, మొదటి రాత్రికే మీ పని అయిపోతుంది. నలుగురికి నాలుగు పళ్ళు, ఇంకా ఆరు మిగులు.

చాలామంది దీన్ని బ్యాన్ చేసేస్తారు. నాకది నచ్చదు. ఆ మంత్రం కోసమే డ్రూయిడ్‌ని తయారు చేసుకుని వచ్చిన ప్లేయర్ దగ్గర సగం ఆటలో దాన్ని లాగేసుకుంటే, ఆ తర్వాత మీరు ఏ రూల్ చెప్పినా అనుమానంగానే చూస్తారు. పోయిన నమ్మకం అంత తేలిగ్గా తిరిగి రాదు. అందుకని ముందు ఈ మంత్రం చరిత్ర చూద్దాం. ఏ స్క్రూ తిప్పాలో అందులోనే ఉంది.

1974లో ఈ ఆట మొదటిసారి అచ్చయినప్పుడు, అడవుల్లో ప్రయాణాలకి ఇంకో కంపెనీ బోర్డు వాడుకోమని రూల్స్‌లోనే రాశారు. అవలాన్ హిల్ వాళ్ళు 1972లో తెచ్చిన అవుట్‌డోర్ సర్వైవల్. ఆ ఆటలో రాక్షసులు లేరు. తిండి, నీళ్ళు దొరక్క మనిషి నీరసించిపోవడమే అందులో శత్రువు. అంటే ఆకలి ఈ ఆటలోకి తర్వాత వచ్చి చేరింది కాదు, పునాదిలోనే ఉంది.

డ్రూయిడ్ మాత్రం కాస్త ఆలస్యంగా వచ్చాడు. 1975లో గ్రేహాక్ సప్లిమెంట్‌లో ఎదురుపడే శత్రువుల జాబితాలో కనిపించాడు, 1976లో ఎల్‌డ్రిచ్ విజార్డ్రీలో ప్లేయర్లు ఆడే క్లాస్ అయ్యాడు. ఈ క్లాస్‌ని తయారు చేసింది డెనిస్ సస్టేర్ అనే ఆటగాడు అని చెబుతారు. తర్వాత వచ్చిన చారియట్ ఆఫ్ సస్టేర్ అనే మంత్రంలో ఆయన పేరే ఉంది. ప్రకృతి మంత్రాల్లో కస్టమైజేషన్ కొత్త ఫ్యాషనేం కాదు. ఆ క్లాస్ పుట్టిందే అలా.

ఇక 1978 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్. డ్రూయిడ్ మంత్రం వెయ్యాలంటే మిసిల్‌టో కావాలి. మన మామిడి కొమ్మల మీద పెరిగే బదనిక లాంటి మొక్కే అది, యూరప్‌లో ఉండేది. ఓక్ చెట్టు మీది మిసిల్‌టోని డ్రూయిడ్లు బంగారు కొడవలితో కోస్తారని రోమన్ రచయిత ప్లినీ ఒకటో శతాబ్దంలోనే రాశాడు. గైగాక్స్ రూల్స్‌లోనూ ఆ కొడవలి ఉంది. పద్ధతిగా కోసుకున్న మిసిల్‌టో ఉంటే మంత్రం పూర్తి బలంతో పనిచేస్తుంది. అరువు తెచ్చుకున్నదో, హాలీ ఆకులో అయితే బలం తగ్గుతుంది. డ్రూయిడ్ శక్తి ఎప్పుడు, ఎక్కడ, ఏం కోసుకొచ్చాడన్న దాని మీద ఆధారపడేది. నాకు ఈ లాజిక్ భలే ఇష్టం.

గుడ్‌బెర్రీ 1985లో అన్‌ఎర్త్‌డ్ ఆర్కేనాలో వచ్చింది. అప్పుడది రెండో లెవెల్. దాన్ని తిరగేస్తే బ్యాడ్‌బెర్రీ: కుళ్ళిన పళ్ళు నిగనిగలాడుతూ కనిపిస్తాయి, తిన్నవాడికి విషం దెబ్బ తగులుతుంది. ఇక్కడ ఒక్క పాయింట్ గుర్తుపెట్టుకోండి. అప్పట్లో మంత్రం పళ్ళని సృష్టించదు, అప్పుడే కోసిన పళ్ళని మారుస్తుంది. థర్డ్ ఎడిషన్‌లో ఒకటో లెవెల్‌కి దిగినా ఆ షరతు అలాగే ఉంది: 2 నుంచి 8 తాజా పళ్ళు, రోజుకి మొత్తం 8 హిట్ పాయింట్లకి మించి రావు. 2014లో ఫిఫ్త్ ఎడిషన్ వచ్చేసరికి పళ్ళు నేరుగా అరచేతిలో ప్రత్యక్షం. ఎడారిలోనూ వస్తాయి, మంచులోనూ వస్తాయి. అడవితో పని లేకుండా పోయింది. ఆట స్పీడు పెంచడానికే చేసి ఉంటారని నా ఊహ. కానీ మంత్రంలోంచి ప్రకృతినే తీసేశారు.

హీలింగ్ సంగతీ చూడాలి. 2014 రూల్స్‌లో లైఫ్ క్లెరిక్ ఒక లెవెల్ కలుపుకుంటే ఒక్కో పండు 4 పాయింట్లు ఇస్తుంది. పదికి 40, ఒకటో లెవెల్ మంత్రంతో! 2024 రూల్స్‌లో ఈ దారి మూసేశారు. కాబట్టి దాన్ని వదిలేద్దాం.

నా టేబుల్‌లో మార్పు ఒక్కటే. పళ్ళు చేతిలో పుట్టవు, కోసుకురావాలి. దానికి పుస్తకంలో ఉన్న ఫోరేజింగ్ రూలే చాలు: పచ్చగా ఉన్నచోట సర్వైవల్ చెక్ 10, బీడు నేల అయితే 20. గెలిస్తే 10 పళ్ళు, హీలింగూ ఆకలీ రెండూ పుస్తకంలో ఉన్నట్టే. మా కథలో అవి రేగుపళ్ళు. సంక్రాంతి రోజుల్లో ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి, నడి వేసవిలో చెట్టు ఖాళీ. ఎడారి దాటే ముందు రోజు డ్రూయిడ్ ఆడే అమ్మాయి పార్టీ మొత్తాన్ని ఆపి, ఊరి చివర పొదల్లో పళ్ళు ఏరించింది. మంత్రం బలం 24 గంటలే, పైగా మర్నాటికి పళ్ళు తాజాగా ఉండవు. మూడు రోజుల ప్రయాణానికి ఏం చెయ్యాలని గంటసేపు వాదించుకున్నారు. ఆ గంట నేను ఏమీ ప్లాన్ చెయ్యలేదు.

ఈ మార్పుని మాత్రం మొదటి సెషన్ ముందే చెప్పండి, క్యారెక్టర్ షీట్ నింపకముందే. ఇంకోటి, 2023 జనవరిలో ఫిఫ్త్ ఎడిషన్ ప్రాథమిక రూల్స్‌ని క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద విడుదల చేశారు, గుడ్‌బెర్రీ అందులో ఉంది. మూలం ఎవరిదో పేర్కొంటే చాలు, మీ గుడ్‌బెర్రీని మీరు తెలుగులోనే రాసి పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా.