గోళ్ళ అలంకరణ విద్య - ఇంటివద్ద సాధన చేసే పద్ధతులు

గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోరాదని తెలుగువారి సామెత. గోళ్ళ అలంకరణను వృత్తిగా ఎంచుకున్నవారికి ఈ మాట అక్షరాలా వర్తిస్తుంది. మొదటి నెలలో దిద్దుకోగల చిన్న పొరపాటు చేతి అలవాటుగా స్థిరపడితే, తరువాత అది ఖాతాదారు గోటికి గాయంగానో, నేర్చుకున్న యువతి చర్మానికి వ్యాధిగానో పరిణమిస్తుంది.

నెయిల్ టెక్నీషియన్ అనే ఈ వృత్తిని నేర్చుకునేందుకు సరిహద్దు గ్రామాల యువతులు బెంగళూరు, చెన్నై, బళ్ళారి, బరంపురం వంటి నగరాలకు వెళ్ళవలసి వస్తుంది. శిక్షణలు ఎక్కువగా స్వల్పకాలికమైనవి. తరగతిలో గురువు చూపించేది పద్ధతి మాత్రమే. ఆ పద్ధతి చేతికి పట్టుబడేది ఇంటివద్ద చేసే సాధన వల్లనే. రుసుము చెల్లించిన కుటుంబం కూడా ఆ సాధన స్వరూపాన్ని తెలుసుకుంటే బిడ్డకు ఎంతో సహాయం చేయగలుగుతుంది.

గోరును గురించి తెలియవలసినది

గోరు కెరాటిన్ అనే గట్టి పదార్థంతో ఏర్పడిన పలక. ఇది చర్మం కింద దాగి ఉన్న మూలం నుండి పుడుతుంది. బొటనవేలి గోటి మొదట్లో నెలవంక వలె తెల్లగా కనిపించేది ఆ మూలంలో బయటికి తెలిసే భాగమే. అక్కడ గట్టిగా నొక్కినా, గీరినా కొత్తగా వచ్చే గోరు వంకరగా, గీతలతో పెరుగవచ్చు.

చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. పూర్తిగా కొత్త గోరు రావడానికి ఆరు నెలలు పడుతుంది. కాలి గోటికి ఏడాది నుండి ఏడాదిన్నర వరకు పట్టవచ్చు. అందువల్ల సాధనలో పాడు చేసిన గోరు త్వరగా బాగుపడదని విద్యార్థిని మొదటి రోజునే గ్రహించాలి. గోటిపై అంటుకున్న పలుచని మృతచర్మాన్ని మాత్రమే తొలగించాలి. గోటి మొదలును కాపాడే సజీవమైన చర్మపు అంచును కత్తిరించరాదు. దానికి గాయమైతే గోరుచుట్టుకు దారి తీస్తుంది.

మొదటి మెట్టు - ప్లాస్టిక్ గోళ్ళు, ఆకురాయి

సాధనను మనిషి చేతిపై ఆరంభించరాదు. ప్లాస్టిక్ గోళ్ళు సాధారణంగా 0 నుండి 9 వరకు పది పరిమాణాలలో లభిస్తాయి. వీటిని ఐస్‌క్రీమ్ పుల్లల చివర రెండువైపులా అంటుకునే టేపుతో అతికిస్తే తక్కువ ఖర్చుతో సాధన సాధనం సిద్ధమవుతుంది. వేళ్ళు వంగే ప్లాస్టిక్ చేయి కూడా దొరుకుతుంది. అది ఉంటే మంచిదే, లేకపోయినా పని ఆగదు.

మొదట ఆకురాయి పట్టడం నేర్చుకోవాలి. గోళ్ళ ఆకురాళ్ళపై గరుకును తెలిపే సంఖ్య ఉంటుంది. సంఖ్య పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. 100 సంఖ్య గలది కృత్రిమ గోళ్ళకే తగినది. సహజమైన గోటికి 180 కంటే తక్కువ సంఖ్య వాడరాదు; 240 శ్రేయస్కరం. పక్క నుండి మధ్యకు ఒకే దిశలో రాయాలి. రంపం వలె ముందుకు వెనుకకు లాగితే సహజమైన గోరు పొరలుగా విడిపోవచ్చు. ఒకే పరిమాణం గల పది ప్లాస్టిక్ గోళ్ళను చతురస్రం, గుండ్రం, కోడిగుడ్డు ఆకారాలలో దిద్ది, పక్కపక్కన పెట్టి పోల్చుకోవాలి. పదీ ఒకే పొడవుతో, ఒకే వంపుతో వచ్చే వరకు రెండవ మెట్టుకు పోరాదు.

రెండవ మెట్టు - రంగు వేయడం

రంగు సీసాను గట్టిగా కుదిపితే బుడగలు వస్తాయి. రెండు అరచేతుల మధ్య దొర్లించడం సరియైన పద్ధతి. కుంచెకు ఒకవైపు రంగును సీసా అంచున తుడిచి, రెండవ వైపు మాత్రమే ఒక చుక్క ఉంచుకోవాలి. ఆ చుక్కను గోటి మొదలుకు కొద్ది దూరంలో ఉంచి, మెల్లగా వెనుకకు నెట్టి, వెంట్రుకవాసి ఖాళీ మిగలగానే ఆపి, కొన వరకు లాగాలి. మొదట మధ్యన, తరువాత ఇరుపక్కల, మొత్తం మూడు గీతలతో గోరు నిండాలి. చివరగా కొన అంచుకు కూడా రంగు తగిలించాలి. దీనివల్ల రంగు త్వరగా పెచ్చులూడదు.

అడుగు పూత, రెండు పలుచని రంగు పూతలు, పై పూత అనే క్రమం తప్పరాదు. లేత రంగులలో లోపం అంతగా కనబడదు కనుక సాధనకు ముదురు ఎరుపు రంగు మంచిది. చర్మానికి అంటిన ప్రతి మరకా అందులో స్పష్టంగా తెలుస్తుంది.

మూడవ మెట్టు - జెల్

జెల్ రంగు గాలికి ఆరదు. దీపపు కాంతిలో గట్టిపడుతుంది. ఎల్‌ఈడీ దీపాలలో తరచుగా 30 నుండి 60 సెకన్లు, పాత యువి దీపాలలో రెండు నిమిషాల వరకు పడుతుంది. ఖచ్చితమైన కాలం తయారీదారు సూచన ప్రకారమే పాటించాలి. దీపం ఒక సంస్థది, జెల్ మరొక సంస్థది అయితే పైకి గట్టిపడినట్లు కనిపించినా లోపల పచ్చిగా మిగిలిపోవచ్చు.

పచ్చి జెల్ పదేపదే చర్మానికి తగిలితే దురద, ఎర్రదనం, పగుళ్ళతో కూడిన ఎలర్జీ వస్తుంది. ఒకసారి వస్తే అది జీవితాంతం నిలిచిపోవచ్చు. దంతవైద్యంలోనూ, ఎముకల శస్త్రచికిత్సలోనూ వాడే కొన్ని పదార్థాలు ఇదే జాతికి చెందినవి గనుక ఆ చికిత్సలలో కూడా ఇబ్బంది కలుగవచ్చు. అందువల్ల జెల్ సాధన ప్లాస్టిక్ గోళ్ళపైనే చాలా కాలం సాగాలి. చర్మానికి జెల్ తగిలితే దీపం కింద పెట్టక ముందే తుడిచివేయాలి. నైట్రైల్ చేతొడుగులు ధరించి, వాటిని తరచుగా మార్చాలి. జెల్ గట్టిపడేందుకు వాడే టీపీఓ అనే పదార్థాన్ని ఐరోపా సమాఖ్య 2025 సెప్టెంబరు 1 నుండి సౌందర్య సాధనాలలో నిషేధించింది. కొనేముందు సీసాపై ఉన్న పదార్థాల జాబితా చదవడం అలవాటు చేసుకోవాలి.

నాలుగవ మెట్టు - ఆక్రిలిక్

ఆక్రిలిక్ గోరు ఒక ద్రవం, ఒక పొడి కలియడం వల్ల ఏర్పడుతుంది. ఈ పద్ధతికి దంతవైద్యమే మూలం. అమెరికాలో ఫ్రెడ్ స్లాక్ అనే దంతవైద్యుడు 1954లో తన గోరు విరిగినప్పుడు దంతాలకు వాడే ఆక్రిలిక్‌తో దానిని సరిచేసుకున్నాడని ప్రసిద్ధి.

తడిపిన కుంచెను పొడికి తాకిస్తే పూస వలె ఒక ముద్ద ఏర్పడుతుంది. ఈ పూస తీయడమే అసలు విద్య. ఒక గాజు పలకపై వరుసగా ఇరవై పూసలు పెట్టి గమనించాలి. పూస క్షణకాలం నిలిచి, తరువాత నున్నగా సర్దుకుంటే పాలు సరిగా కుదిరినట్లు. నీటి వలె పారితే ద్రవం ఎక్కువైనట్లు. పొడిబారి గరుకుగా ఉంటే తక్కువైనట్లు. పూసలు సమానంగా వచ్చిన తరువాతనే ప్లాస్టిక్ గోటిపై కొనకు ఒకటి, మధ్యకు ఒకటి, మొదలుకు ఒకటి చొప్పున మూడు పూసలతో గోరు కట్టడం ఆరంభించాలి.

ద్రవాలలో ఎంఎంఏ అనేది చౌకైనది. అది అతి గట్టిగా పట్టుకొని, దెబ్బ తగిలినప్పుడు సహజమైన గోరును కూడా ఊడదీస్తుంది. 1970వ దశకంలో వచ్చిన ఫిర్యాదుల మీదట అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎంఎంఏ ద్రవాలపై చర్య తీసుకుంది. ఈఎంఏ అని వ్రాసి ఉన్న ద్రవమే కొనాలి. పేరు లేని సీసాలలో పోసి అమ్మే ద్రవాన్ని ఎంత తక్కువ ధరకు వచ్చినా తీసుకోరాదు.

ముగ్గు తెలిసిన చేతికి

గోటిపై చిత్రం గీయడం తెలుగింటి ఆడపిల్లకు బొత్తిగా కొత్త కాదు. చుక్కలు సమదూరంలో పెట్టడం, గీతను మధ్యలో ఆపకుండా తిప్పడం ముగ్గు నేర్పిన విద్యలే. గోరింటాకు కోను పట్టినవారికి వేళ్ళ ఒత్తిడి అదుపులో ఉంటుంది. కాగితంపై గోటి ఆకారాలు గీసుకొని, వాటిలో చిన్న చుక్కల ముగ్గులు వేయడంతో ఈ సాధన మొదలుపెట్టవచ్చు. చుక్కలకు గుండుసూది తల సరిపోతుంది. చిటికెన వేలిని బల్లకు ఆనించి గీస్తే చేయి వణకదు.

సాధన పుస్తకం

ప్రతిరోజూ చేసిన పనిని ఒక నోటు పుస్తకంలో వ్రాయాలి. తేదీ, చేసిన పని, పట్టిన సమయం, కనిపించిన లోపం అనే నాలుగు గడులు చాలు. మనిషి చేతిపై పని చేసే దశ వచ్చినప్పుడు పని ముగిసిన రోజున, ఏడవ రోజున, పద్నాలుగవ రోజున గోళ్ళను పరిశీలించాలి. రంగు ఏ వేలికి, ఏ వైపున లేచిందో చూస్తే కారణం తెలుస్తుంది. ఎప్పుడూ కుడి పక్కనే లేస్తున్నదంటే కుంచె ఆ పక్కకు చేరడం లేదన్న మాట.

సరిహద్దు ప్రాంతపు విద్యార్థినికి భాష కూడా సాధనలో భాగమే. తెలుగులో గోరు, కన్నడంలో ఉగురు, తమిళంలో నగం, ఒడియాలో నఖ, మరాఠీలో నఖ్. పాత తమిళంలోని ఉకిర్, కన్నడ ఉగురు, మన గోరు ఒకే మూలం నుండి వచ్చిన మాటలు. పుస్తకం చివరి పుటలలో గురువు వాడే ఆంగ్ల పదం, ఆ రాష్ట్రపు పదం, తెలుగు పదం పక్కపక్కన వ్రాసుకుంటే పరీక్షకూ, ఖాతాదారుతో సంభాషణకూ ఉపయోగం. భాష రాదన్న బెరుకు ఈ వృత్తిలో అనవసరం. 1975లో అమెరికా చేరిన వియత్నాం శరణార్థి స్త్రీలు ఇరవై మందికి నటి టిప్పీ హెడ్రెన్ ఈ విద్య నేర్పించే ఏర్పాటు చేసింది. నేడు అమెరికాలో ఈ వృత్తిలో వియత్నాం వారిదే పెద్ద పాత్ర.

ఇంటివారు గమనించవలసినవి

ఎసిటోన్ క్షణంలో అంటుకునే ద్రవం. ఆక్రిలిక్ ద్రవం కూడా మండేదే. వంటగదిలోను, పొయ్యి దగ్గర, దేవుని దీపం దగ్గర, అగరువత్తి వెలిగించిన గదిలోను సాధన చేయనీయరాదు. గాలి ధారాళంగా వచ్చే కిటికీ పక్కన బల్ల వేయాలి. సీసాలకు మూతలు బిగించి, పిల్లలకు అందని చోట ఉంచాలి. భోజనానికి ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

తల్లి, అక్క, వదిన చేయి అందించడం మంచి సహాయమే. అయితే గోరుచుట్టు, పిప్పిగోళ్ళు, పుండ్లు ఉన్న చేతులపై సాధన చేయరాదు. మధుమేహం ఉన్న పెద్దల కాళ్ళ జోలికి విద్యార్థిని పోకూడదు. చిన్న గాయమైనా వారికి మానడం కష్టం. గోటిలో కొత్తగా నల్లని చార కనిపిస్తే రంగుతో కప్పక వైద్యునికి చూపించాలి. కాగితపు ఆకురాయి ఒకరికి వాడినది మరొకరికి వాడరాదు. లోహపు పనిముట్లను సబ్బునీటితో తోమి, ఆరబెట్టి, ఆపై క్రిమిసంహారక ద్రవంలో అది సూచించిన కాలం ఉంచాలి. తొలగించేటప్పుడు జెల్‌ను పెరికివేయరాదు. ఎసిటోన్ తడిపిన దూదిని రేకుతో చుట్టి పది, పదిహేను నిమిషాలు ఉంచితే అదే మెత్తబడుతుంది.

విద్యార్థిని చేతులకు దురద మొదలైతే సాధన వెంటనే ఆపి చర్మవైద్యుని సంప్రదించాలి. కట్టిన రుసుము పోతుందన్న భయంతో కొనసాగించడమే గోరుచుట్టు మీద రోకటిపోటు. చేతులు ఆరోగ్యంగా ఉంటే విద్యను ఆలస్యంగానైనా పూర్తి చేయవచ్చు. రోజుకు ఒక గంట, క్రమం తప్పకుండా, మెట్టు తరువాత మెట్టుగా సాగిన సాధన ఆ యువతికి నాలుగు రాళ్ళు సంపాదించి పెట్టే నమ్మకమైన చేతిపనిగా నిలుస్తుంది.