అస్లీ ఏది, నక్లీ ఏది: ఒక మార్షల్ ఆంప్లిఫైయర్ తవారీఖ్



రమజాన్ పండుగ అయిపోయిన తర్వాత ఒక ఆదివారం మా భాంజా లెస్టర్ నుంచి ఫోన్ చేశాడు. ఇంగ్లండులో చదువు ముగించి అక్కడే నౌకరీ చేస్తున్నాడు. వారమంతా కంప్యూటర్ పని, శనివారం దోస్తులతో కలిసి గిటార్. మౌసీఖీ విషయంలో మన ఇళ్ళలో ఉన్న ఇఖ్తిలాఫ్ నాకు తెలుసు. మా ఆపాకూ వాడికీ మధ్య ఆ బహస్ ఏళ్ళుగా నడుస్తోంది. దానిమీద నేనిక్కడ ఫైసలా చెప్పబోవడం లేదు. వాడు నన్ను అడిగింది వేరే సవాల్.

“మామూ, ఏడాది బచత్ చేసిన పైసలున్నయ్. 1982 నాటి మార్షల్ ఆంప్ ఒకటి అమ్మకానికొచ్చింది. అదే మోడల్‌ని కంపెనీ ఇప్పుడు మళ్ళీ చేస్తోంది. పాతదానికి ధర ఎక్కువ. అస్లీ కొనాల్నా, నక్లీతో సరిపెట్టుకోవాల్నా?”

“అదే కంపెనీ, అదే పేరుతో చేస్తే నక్లీ ఎట్లయితది రా?” అన్నాను. వాడి దగ్గర జవాబు లేదు. నిజానికి నా దగ్గరా లేదు. గిటార్‌తో నా పరిచయం 1997లో జునూన్ వాళ్ళ క్యాసెట్ విన్నంతవరకే. కానీ పత్రికలో పనిచేసేవాడికి ఒక జబ్బు ఉంటుంది, ఎవరైనా ‘అస్లీ’ అనగానే దాని నసబ్ ఏమిటని వెతకడం. వెతికాను. దొరికిన ఖిస్సా మీతో పంచుకోవాలనిపించింది.

ముందు వస్తువు గురించి నాలుగు మాటలు. మన దాదాల జమానాలో రేడియో వెనక ఎర్రగా వెలిగే గాజు బుడ్లు ఉండేవి. అవే వాల్వులు. అమెరికావాళ్ళు ట్యూబులంటారు. మన దేశంలో బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్ళు కూడా ఒకప్పుడు వాటిని తయారుచేశారు. ట్రాన్సిస్టర్ వచ్చాక రేడియోల నుంచి, టీవీల నుంచి వాల్వులు వెళ్ళిపోయాయి. గిటార్ వాయించేవాళ్ళు మాత్రం వదల్లేదు. కారణం ఒక ఐబ్.

గిటార్ తీగ నుంచి వచ్చే కరెంటు సిగ్నల్ చాలా చిన్నది. వాల్వు దాన్ని పెంచుతుంది. ఒక వాల్వు పెంచినదాన్ని ఇంకో వాల్వుకు ఇస్తే మరింత పెరుగుతుంది. ఒక హద్దు దాటాక వాల్వు ఇక పెంచలేదు. అప్పుడు స్వరం అలల పైకొసలూ కిందికొసలూ నొక్కుకుపోతాయి, గొంతు బొంగురుపోయినట్టు ఒక గరగర వస్తుంది. మొదటితరం ఇంజనీర్లకు అది లోపం, రాకుండా చూసుకోవాల్సిన ఐబ్. గిటార్ కుర్రాళ్ళకేమో అదే హునర్ అయింది. ఆ గరగరను కావాలని, దండిగా పుట్టించే యంత్రాలనే హై గెయిన్ ఆంప్‌లు అంటారు.

ఇప్పుడు మార్షల్ సంగతి. జిమ్ మార్షల్ 1923లో లండన్‌లో పుట్టాడు. చిన్నప్పుడు ఎముకల క్షయతో బాల్యంలో చాలా ఏళ్ళు ప్లాస్టర్ కట్టులోనే గడిపాడు. పెద్దయ్యాక డ్రమ్స్ వాయించాడు, షాగిర్దులకు నేర్పించాడు. 1960ల మొదట్లో పశ్చిమ లండన్‌లోని హాన్‌వెల్‌లో వాద్యాల దుకాణం తెరిచాడు. డ్రమ్స్ కోసం వచ్చినవాళ్ళ వెనక గిటార్ కుర్రాళ్ళూ వచ్చారు. వాళ్ళలో పీట్ టౌన్‌షెండ్, రిచీ బ్లాక్‌మోర్ లాంటివాళ్ళున్నారు. అందరిదీ ఒకటే షికాయత్: మాకు కావలసిన ఆంప్ ఇక్కడ దొరకడంలేదు, అమెరికా నుంచి తెప్పించుకోవాలంటే మోయలేని ఖర్చు.

అప్పుడు మార్షల్ ఏం చేశాడు? అమెరికా ఫెండర్ కంపెనీ వాళ్ళ బాస్‌మన్ అనే ఆంప్‌ని ముందు పెట్టుకున్నాడు. తన దుకాణంలో మరమ్మతులు చేసే కెన్ బ్రాన్‌తో, డడ్లీ క్రేవెన్ అనే కుర్ర ఇంజనీరుతో కలిసి దాని సర్క్యూట్‌ని దాదాపు ఉన్నదున్నట్టు దించాడు. ఐదు నమూనాలు నచ్చలేదట. ఆరోది విన్నాక ఇదే నేను వెతుకుతున్న ఆవాజ్ అనుకున్నాడట. 1962లో అది జేటీఎం 45 అయింది. జిమ్, అతని కొడుకు టెర్రీ, ఇంటిపేరు మార్షల్, ఈ మూడింటి మొదటి అక్షరాలతో ఆ పేరు.

అంటే లోకం అస్లీ అని కళ్ళకద్దుకునే మార్షల్ వంశానికి మూలపురుషుడే ఒక నకల్! దించుకున్నది బాస్‌మన్‌ని, వినిపించింది మాత్రం వేరే గొంతు. ఎందుకు? అమెరికా విడిభాగాలు ఇంగ్లండులో సులువుగా దొరకవు. ట్రాన్స్‌ఫార్మర్లు అక్కడివి వాడారు, స్పీకర్లు సెలెస్షన్‌వి పెట్టారు. మొదటి వాల్వు స్థానంలో అంతకంటే ఎక్కువగా పెంచే ఈసీసీ 83 కూర్చుంది. తర్వాత కొన్నేళ్ళకు పవర్ వాల్వులుగా ఈఎల్ 34లు వచ్చాయి. మన ఇళ్ళలో అమ్మీ చేసే ఖుబానీ కా మీఠాని కోడలు వేరే ఊళ్ళో, అక్కడ దొరికే సామానుతో చేస్తే ఇంకో జాయికా వస్తుంది కదా, అట్లా.

భాంజా అడిగిన మోడల్ ఆ తర్వాతి తరానిది. పాత మార్షల్‌లకు ఒక చిక్కుండేది. ఆ గరగర రావాలంటే వాల్యూమ్ దాదాపు చివరిదాకా తిప్పాలి. 100 వాట్ల ఆంప్‌ని అట్లా తిప్పితే హాలంతా దద్దరిల్లుతుంది. 1975లో కంపెనీ 2203 అనే మోడల్ తెచ్చింది. దాంట్లో మొదటి వాల్వుల దశలను ఒకదాని వెనక ఒకటి కలిపి, చివర మాస్టర్ వాల్యూమ్ అని వేరే గుబ్బ పెట్టారు. గరగర ఎంత కావాలో ఒక గుబ్బ చెబుతుంది, బయటికి ఎంత మోగాలో ఇంకోటి చెబుతుంది. 1981లో అదే సర్క్యూట్ కొత్త వేషంలో జేసీఎం 800 అయింది. జేసీఎం అంటే జేమ్స్ చార్లెస్ మార్షల్. 800 ఏమిటనుకున్నారు? ఆయన కారు నంబరు ప్లేటు మీదిది! 1980ల రాక్, మెటల్ రికార్డులలో ఆ గొంతు ఎక్కడ చూసినా ఉంది. 1990లో జేసీఎం 900 వచ్చి దాన్ని పక్కకు నెట్టింది. అడిగేవాళ్ళు మానలేదు, 2002లో కంపెనీ 2203ని మళ్ళీ విడుదల చేసింది. పాత సర్క్యూటే. ఎకో లాంటి పెట్టెలు తగిలించుకోవడానికి ఒక లూప్ అదనంగా ఇచ్చింది, వద్దనుకుంటే దాన్ని తప్పించే మీటా ఇచ్చింది.

ఇక్కడ ఒక లెక్క చూడండి. 1981 నుంచి 2002కి 21 ఏళ్ళు. 2002 నుంచి ఇవాళ్టికి అంతకంటే ఎక్కువే. అంటే మొదటి రీఇష్యూలు ఇప్పుడు, తాము నకలు చేసిన అస్లీకి అప్పుడున్న వయసును దాటేశాయి. భాంజాతో ఈ మాట అంటే నవ్వాడు. “అయితే అస్లీ అన్నమాటే ఝూటా మామూ?”

ఝూటా కాదు. కానీ అస్లీతనం తయారైన సంవత్సరంలో ఉండదు. మనవాళ్ళకు ఈ సంగతి ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు. హదీసు విన్నప్పుడు మన ఉలమా మొదట అడిగేది మాట ఎంత పాతదని కాదు. ఎవరు ఎవరి దగ్గర విన్నారు, ఆ సిల్సిలాలో కడియం ఎక్కడైనా తెగిందా అని. దాన్నే సనద్ అంటాం. పాత ఆంప్ కొనేవాడు అడగాల్సిందీ సనదే.

ఎందుకంటే 1980లలో చాలామంది ఈ ఆంప్‌లను ఉన్నవాటిని ఉన్నట్టు ఉంచలేదు. ఇంకా గరగర కావాలని రేకుకు బెజ్జాలు కొట్టి అదనపు వాల్వులు పెట్టించారు, తర్వాత ఇంకెవరో వాటిని పీకించారు. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే దొరికింది వేశారు. అమెరికాకు పంపిన వాటిలో కొన్నేళ్ళపాటు ఈఎల్ 34 బదులు 6550 అనే వేరే వాల్వులు పెట్టి అమ్మారు. అంటే ఫ్యాక్టరీ నుంచే రెండు రకాల అస్లీలు వచ్చాయి! పైగా ఆ కాలపు రెసిస్టర్లు, గుబ్బల కింది పొటెన్షియోమీటర్లు రాసి ఉన్న విలువకు కొంచెం అటూ ఇటూ ఉండేవి. ఒకే వారం తయారైన రెండు ఆంప్‌లు కవలల్లా ఉండవు. పాతవన్నీ కారీగర్ చేత్తో తీగలు కలిపినవేనన్న నమ్మకం కూడా ఈ మోడల్‌కు చెల్లదు. జేటీఎం 45 కాలంలో అది నిజం. జేసీఎం 800 నాటికి సర్క్యూట్ అచ్చు బోర్డు మీదికి వచ్చేసింది.

వాల్వుల సంగతి ఇంకోటి. పాతకాలంలో ఇంగ్లండులోని బ్లాక్‌బర్న్‌లో ములార్డ్ వాళ్ళు వాల్వులు చేసేవారు. ఆ ఫ్యాక్టరీల జమానా ముగిసింది. ఇప్పుడు ప్రధానంగా రష్యా, స్లొవేకియా, చైనాల నుంచి వస్తున్నాయి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా వాల్వులు ఆగిపోతాయని ఖబర్ రాగానే ధరలు ఎగబాకాయి. వాల్వు అరిగిపోయే వస్తువు. కాబట్టి 1982 ఆంప్‌లోనూ, నిరుడు కొన్న ఆంప్‌లోనూ ఇవాళ వెలుగుతున్నవి ఒకే ఫ్యాక్టరీ వాల్వులు కావచ్చు.

ఇదంతా చెప్పాక భాంజా అన్నమాట నన్ను భయపెట్టింది. “పాతదే తీసుకుంటా మామూ. కెపాసిటర్లు ఎండిపోయి ఉంటే వీడియో చూసి నేనే మార్చుకుంటా.”

మా ఊళ్ళో వాల్వు రేడియోలు, మసీదు ఆంప్లిఫైయర్ బాగుచేసే చాచా ఒకాయన ఉండేవాడు. పెట్టె తెరిచినప్పుడు ఎడమ చెయ్యి కుర్తా జేబులో పెట్టుకునేవాడు. ఎందుకు చాచా అంటే, “బంద్ చేసినా లోపల జిన్ను కూర్చునే ఉంటది బేటా. రెండు చేతులు పెడితే ఛాతీ మీది నుంచి పోతది” అనేవాడు. ఆ జిన్ను పేరు కెపాసిటర్. ఇలాంటి ఆంప్ లోపల 400 వోల్టులు దాటి ఉంటుంది. ప్లగ్ పీకేశాక కూడా కెపాసిటర్లలో ప్రాణం తీసేంత కరెంటు మిగిలి ఉండొచ్చు. అవే 20, 30 ఏళ్ళలో ఎండిపోయేవి కూడా. నలభై ఏళ్ళ ఆంప్ కొంటే మొదటి ఖర్చు వాటి మార్పిడికే అనుకోవాలి. అది తెలిసిన ఉస్తాద్ చేతిలోనే జరగాలి. ఈ ముక్క చెప్పేటప్పుడు నేను మామూగా కాదు, వాడి అమ్మీ తరఫున మాట్లాడాను.

అందుకే వాడికి నా సలాహ్ ఇట్లా ఇచ్చాను. దగ్గర్లో వాల్వు పని తెలిసిన ఉస్తాద్ ఉన్నాడా? అమ్మేవాడు ఎప్పుడు ఏం మార్చారో చూపించగలడా? ట్రాన్స్‌ఫార్మర్లు మొదటివేనా? ఈ మూడింటికీ జవాబు హా అయితే పాతది కొను. అది వస్తువు మాత్రమే కాదు, ఒక అమానత్. ఒక్కదానికి నహీ అన్నా కొత్తది తీసుకో. వారం వారం మోసుకెళ్ళి వాయించేవాడికి గ్యారంటీ కాగితం కూడా ఒక సుకూనే. ఇంట్లో వాయించడానికే అయితే 100 వాట్లు అసలే వద్దు. అదే గొంతును 20 వాట్లలో, ఇంకా తగ్గించి 5 వాట్లలో వినిపించే చిన్న ఆంప్‌ని మార్షల్ వాళ్ళే 2019లో తెచ్చారు. గోడ అవతల పడోసీ ఉంటాడు, ఆయన హక్ కూడా మన దీన్‌లో భాగమే.

“కొనేముందు రెండూ విను. ఒకే స్పీకర్ పెట్టెకు కలిపి, నువ్వు కళ్ళు మూసుకుని” అన్నాను.

రెండు వారాల తర్వాత ఫోన్ చేశాడు. దోస్తు మీట మారుస్తుంటే వీపు తిప్పి కూర్చుని విన్నాడట. పాతదాంట్లో ఏదో ఉందనిపించిందట. కానీ ఏది పాతదో చెప్పమంటే కొన్నిసార్లు సరిగ్గా చెప్పాడట, కొన్నిసార్లు తప్పాడట. స్పీకర్ పెట్టె మార్చినప్పుడు మాత్రం ప్రతిసారీ పట్టేశాడట. అమ్మేవాడి దగ్గర మరమ్మతు కాగితం ఒక్కటీ లేదు. వెనక రెండు బెజ్జాలు రేకుతో మూసి ఉన్నాయి. అవి ఏమిటో ఆయనకూ తెలియదు.

వాడు రీఇష్యూ కొన్నాడు. మిగిలిన పైసల్లో కొంత మా ఆపాకు పంపాడు, కొంతతో ఒక చిన్న నోట్‌బుక్ కొని ఆంప్ వెనక కట్టుకున్నాడు. కొన్న తారీఖు, వాల్వుల పేర్లు, ఎవరి చేత తెరిపించాడో, అన్నీ అందులో రాస్తానన్నాడు. మొదటి పేజీ ఫోటో పంపాడు. బిస్మిల్లా అని ఉర్దూలో, మిగతాదంతా తెలుగులో రాశాడు. చేతిరాత బాగాలేదు గానీ, తారీఖు స్పష్టంగా ఉంది.

మీ ఇంట్లో కూడా దాదా రేడియోనో, నానీ కుట్టుమిషనో ఉంటే, దాన్ని ఎవరు ఎప్పుడు కొన్నారో, ఎవరు బాగుచేశారో తెలిసినవాళ్ళు ఉండగానే ఒక కాగితం మీద రాసి పెట్టండి.