అకిలిస్ టెండన్ జబ్బుల మెడికల్ కోడింగ్: ఒక చరిత్ర

పిక్క కండరాలను మడమ ఎముకతో కలిపే దళసరి పట్టీ అకిలిస్ టెండన్. మనిషి ఒంట్లో ఇంతకు మించి మందమూ బలమూ ఉన్న టెండన్ మరొకటి లేదు. దానికి వచ్చే వాపు, అరుగుదల, తెగుడు వంటివాటిని డాక్టర్ కేస్ షీట్‌లో రాస్తే, ఆ రాతను అక్షరాలూ అంకెలూ కలిసిన కోడ్‌గా మార్చేవారు మెడికల్ కోడర్లు. అమెరికాలో బీమా డబ్బు కదలాలంటే ఈ కోడ్ ఉండాలి. అందుకే ఈ చరిత్రలో పెద్ద భాగం ఆ దేశానిదే.

జబ్బు మాత్రం కోడ్ కంటే చాలా పాతది. చర్మం చెక్కుచెదరకుండా లోపల టెండన్ ఒక్కటే తెగిపోవడాన్ని ఫ్రెంచ్ సర్జన్ ఆంబ్రాజ్ పారే 16వ శతాబ్దంలోనే వర్ణించాడు. గ్రీకు వీరుడు అకిలిస్ పేరును ఈ టెండన్‌కు స్థిరపరిచినవాడు ఫ్లాండర్స్‌కు చెందిన శరీర శాస్త్రవేత్త ఫిలిప్ వెర్‌హేయెన్. ఆయన గ్రంథం వెలువడింది 1693లో. 1767లో లండన్ సర్జన్ జాన్ హంటర్‌కు స్వయంగా ఈ టెండన్ తెగింది. ఆయన కత్తి జోలికి పోకుండా తన కాలిని తానే నయం చేసుకుని, టెండన్లు ఎలా అతుక్కుంటాయన్న పరిశోధనలోకి దిగాడు.

1893లో రెండు వేర్వేరు ఊళ్లలో రెండు పనులు జరిగాయి. వియన్నాలో సర్జన్ ఎడ్వర్డ్ ఆల్బర్ట్ మడమ వెనక నొప్పికి ‘అకిలోడినియా’ అని పేరు పెట్టాడు. అదే ఏడాది చికాగోలో జరిగిన గణాంకవేత్తల సమావేశం ముందు పారిస్‌కు చెందిన జాక్ బెర్టియాన్ మరణ కారణాల అంతర్జాతీయ జాబితాను ఉంచాడు. జబ్బుల అంతర్జాతీయ వర్గీకరణ అయిన నేటి ఐసీడీకి మూలం ఆ జాబితాయే. మడమ నొప్పితో ఎవరూ చనిపోరు గనక, ఆల్బర్ట్ చెప్పిన జబ్బుకు బెర్టియాన్ జాబితాతో పనిలేకపోయింది. 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీకి ఆరో సవరణ తెచ్చి, చావులతో పాటు జబ్బులనూ లెక్కలోకి తీసుకున్నాక గానీ ఇలాంటి బాధలకు దారి తెరుచుకోలేదు.

ఐసీడీ తొమ్మిదో సవరణకు తన మార్పులు చేర్చి అమెరికా 1979 నుంచి వాడిన ఐసీడీ-9-సీఎంలో ఈ టెండన్‌కు ముఖ్యంగా మూడు చోట్లు ఉండేవి. వాపుకు 726.71, దెబ్బ తగలకుండానే తెగితే 727.67. దెబ్బతో తెగినదాన్ని 845.09లో వేసేవారు. ఈ చివరిది చీలమండ బెణుకుల్లో ‘ఇతరములు’ అనే గంప. ఆపరేషన్ దాకా వెళ్లగల గాయం అందులో ఓ మూల పడి ఉండేది. ఏ కాలు అన్నది మూడింటిలోనూ తెలిసేది కాదు.

ఆ లోటు తర్వాత ఎలా తీరిందో ఇద్దరు ఆటగాళ్ల గాయాల్లో చూడవచ్చు. బాస్కెట్‌బాల్ ఆటగాడు కోబీ బ్రయంట్‌కు 2013 ఏప్రిల్ 12న ఎడమ అకిలిస్ తెగింది. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు ఆరన్ రోజర్స్‌కు 2023 సెప్టెంబర్ 11న తెగినదీ ఎడమదే. వారి ఆస్పత్రి కాగితాల సంగతి పక్కన పెట్టి, కోడ్ పుస్తకం ప్రకారం చూస్తే మొదటి గాయం 845.09, రెండోది ఎస్86.012ఎ. ఈ రెండో కోడ్‌ను విప్పి చదవవచ్చు. ఎస్ అంటే గాయం. 86 అంటే మోకాలి కింది భాగపు కండరాలు, టెండన్లు. సున్నా అంటే అకిలిస్. 1 అంటే సాగుడు, తెగుడు. 2 అంటే ఎడమ. చివరి ‘ఎ’ అంటే చికిత్స ఇంకా చురుగ్గా నడుస్తోందని. ఆడుతున్న ఆట చెప్పడానికి కూడా వేరే కోడ్ ఉంది: బాస్కెట్‌బాల్‌కు వై93.67, అమెరికన్ ఫుట్‌బాల్‌కు వై93.61.

ఈ మార్పు తెచ్చిన ఐసీడీ-10-సీఎం అమెరికాలో 2015 అక్టోబర్ 1న అమల్లోకి వచ్చింది. 2013లోనే రావాల్సింది రెండుసార్లు వాయిదా పడింది. సుమారు 14 వేల రోగ నిర్ధారణ కోడ్లు ఒక్కసారిగా 70 వేల దరిదాపులకు చేరితే ఆస్పత్రులు జంకడంలో వింతేమీ లేదు. అకిలిస్ వాపుకే మూడు కోడ్లయ్యాయి: కుడికి ఎం76.61, ఎడమకు ఎం76.62, డాక్టర్ ఏ కాలో రాయకపోతే ఎం76.60.

కొత్తవాళ్లు తడబడేది గాయపు కోడ్ చివర ఉండే ఏడో అక్షరం దగ్గర. ‘ఎ’ అంటే మొదటిసారి వచ్చారని కాదు. మూడు వారాల తర్వాత సర్జన్ దగ్గరికి వచ్చి కుట్టించుకున్నా ‘ఎ’నే. మానుతున్న దశలో ఫిజియోథెరపీకి వెళ్తే ‘డి’. పాత గాయం మిగిల్చిన ఇబ్బందికైతే ‘ఎస్’.

కుడి ఎడమల్లో ఇంత పట్టింపు చూపిన పుస్తకం జబ్బు స్వభావం దగ్గర మాత్రం వెనకబడింది. 1976లోనే ఇటలీ డాక్టర్ పుద్దు, ఆయన సహచరులు టెండన్ లోపలి క్షీణతను వాపు నుంచి విడదీసి చూపారు. చాలాకాలంగా బాధిస్తున్న టెండన్లను సూక్ష్మదర్శిని కింద చూస్తే వాపు కణాలు పెద్దగా కనిపించవు, చెదిరిన కొలాజెన్ పోగులే కనిపిస్తాయి. 1998లో నికోలా మఫుల్లీ బృందం ‘టెండినోపతీ’ అనమని గట్టిగా వాదించింది, డాక్టర్లూ అలవాటు పడ్డారు. కోడ్ శీర్షిక మాత్రం నేటికీ ‘అకిలిస్ టెండినైటిస్’. టెండన్ పక్కనుండే ద్రవపు తిత్తి వాచినా ఎం76.6 కిందికే చేరుతుంది. నొప్పి మడమ ఎముకకు అతుక్కునే చోట ఉందా, దానికి కొన్ని సెంటీమీటర్ల పైన ఉందా అన్నది వైద్యానికి చాలా ముఖ్యం, వ్యాయామాలే మారిపోతాయి. కోడ్‌కు ఆ తేడా పట్టదు. కాబట్టి ఆ వివరం బతికేది కేస్ షీట్‌లోనే.

మంచి కేస్ షీట్‌లో ఏ కాలు, టెండన్‌లో ఏ చోటు, దెబ్బతో వచ్చిందా లేదా, ఎన్నాళ్లయింది అన్నవి ఉండాలి. రోగిని బోర్లా పడుకోబెట్టి పిక్క నొక్కితే పాదం కదలకపోవడం తెగుడుకు గుర్తు. 1957లో సిమండ్స్, 1962లో థాంప్సన్ ప్రచురించిన ఈ పరీక్ష ఫలితం రాస్తే కోడ్‌కు దన్ను దొరుకుతుంది. వాడిన మందులూ రాయాలి. ఫ్లోరోక్వినలోన్ యాంటీబయాటిక్స్ టెండన్లను తెంచవచ్చని 2008లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మందు లేబుల్‌పై పెట్టె కట్టి మరీ హెచ్చరించింది. మందు వల్లే తెగిందని డాక్టర్ రాస్తే టెండన్ కోడ్ తర్వాత టీ36.8ఎక్స్5 కూడా చేరుతుంది. బలహీనపడ్డ టెండన్ మామూలు ఒత్తిడికే తెగితే, అది గాయాల కింద కాక ఎం66 కిందికి వెళ్తుంది.

ఆపరేషన్లకు వేరే పుస్తకం, సీపీటీ. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1966లో దాన్ని తొలిసారి ప్రచురించింది. తెగిన అకిలిస్‌ను మొదటిసారి కుడితే 27650. కోసి కుట్టినా, చిన్న రంధ్రాల గుండా కుట్టినా అదే. వేరే చోటి కణజాలం తెచ్చి అతికితే 27652, ఆలస్యంగానో రెండోసారో బాగుచేస్తే 27654. ఆపరేషన్ నోట్‌లో ‘రిపేర్ చేశాం’ అని మాత్రమే ఉంటే ఈ మూడింటిలో ఏదో తేల్చడం కోడర్ వల్ల కాదు.

ఈ కోడర్లలో తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. హైదరాబాద్‌లో అమీర్‌పేట శిక్షణ కేంద్రాల్లో ఫార్మసీ, నర్సింగ్, ఫిజియోథెరపీ, లైఫ్ సైన్సెస్ చదివినవాళ్లు 1988లో అమెరికాలో పుట్టిన ఏఏపీసీ సంస్థ కోడర్లకు పెట్టే సీపీసీ అర్హత పరీక్షకు తయారవుతుంటారు. చూడని మడమకు, కలవని డాక్టర్ రాతను బట్టి కోడ్ వేయడం వాళ్ల ఉద్యోగం. కేస్ షీట్‌లో ఏదైనా తేలకపోతే డాక్టర్‌కు ‘క్వెరీ’ వెళ్తుంది. ‘కుడికాలేనా?’ అని అడిగి జవాబు నోట్లో పెట్టకూడదు, ‘ఏ కాలు?’ అని అడగాలి. ఎక్కువ డబ్బు వచ్చే జవాబు వైపు నెట్టడం అసలే కూడదు.

2019లో ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించిన ఐసీడీ-11 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. అమెరికా బీమా బిల్లులు మాత్రం ఇంకా ఐసీడీ-10-సీఎంతోనే నడుస్తున్నాయి. ఏటా అక్టోబర్ 1న దానికే సవరణలు వస్తుంటాయి.